మార్కింగ్ బ్లూనా.. మార్కర్ పెన్నా? ఇనుము మీద గీత దగ్గరే మొదలవుతున్న తేడా!

గేటు ఫ్రేమ్ కోసం నాలుగు స్క్వేర్ పైపులు కోశారు. టేపుతో కొలత సరిగ్గానే పెట్టారు. మార్కర్‌తో గీత కూడా గీశారు. తీరా నాలుగూ పేర్చి మూలమట్టం పెట్టి చూస్తే ఒక మూల కలవదు. టేపుది తప్పా, కోసినవాడిది తప్పా అని గొడవ. కరీంనగర్‌లో అయినా, మంచిర్యాలలో అయినా వెల్డింగ్ షాపుల్లో ఈ గొడవ మామూలే. చాలాసార్లు అసలు తేడా ఆ గీత దగ్గరే ఉంటుంది.

మామూలు పర్మనెంట్ మార్కర్ ముక్కు గుండ్రంగా ఉంటుంది. అది గీసే గీత వెడల్పు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. ఇనుము గరుకుకు ముక్కు అరిగేకొద్దీ గీత ఇంకా లావవుతుంది. "అన్నా, గీత మీద కొయ్యాల్నా, పక్కకా?" అని హెల్పర్ అడిగితే అదృష్టమే. అడగకుండా ఒక ముక్కను గీతకు ఇవతల, ఇంకో ముక్కను అవతల కోస్తే అక్కడే మిల్లీమీటరున్నర పోయింది. దానికి కటింగ్ వీల్ మందం కూడా తోడవుతుంది. 14 అంగుళాల చక్రం ఒక్కో కోతకు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల ఇనుమును పొడి చేసేస్తుంది.

గేటు అయితే వెల్డింగ్‌తో ఎలాగోలా సర్దేయొచ్చు. కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వర్క్‌షాపులు బతికేది గేట్ల మీద మాత్రమే కాదు. రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూర్‌లలో సింగరేణి గనులున్నాయి. పెద్దపల్లి, జగిత్యాల వైపు రైస్ మిల్లులు, సిరిసిల్లలో మరమగ్గాలు, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులు. వీటన్నిటికీ బేరింగ్ ప్లేట్లు, బ్రాకెట్లు, కీ-వే కొట్టిన షాఫ్టులు కావాలి. బేరింగ్ ప్లేటుకు నాలుగు రంధ్రాలుంటే, అందులో ఒకటి మిల్లీమీటరు జరిగినా బోల్టు కూర్చోదు. అప్పుడు చేసే పని అందరికీ తెలిసిందే.. రంధ్రాన్ని ఆకురాయితో 'లాగడం'. ఆ పూటకు బోల్టు ఎక్కుతుంది. తర్వాత మిషన్ అదురుకు ప్లేటు కదులుతుంది, బేరింగ్ తొందరగా పోతుంది. వడ్లు మిల్లు గేటు దగ్గర లారీల్లో ఉన్నప్పుడు షాఫ్ట్ ఆగితే ఎంత నష్టమో మిల్లు ఓనర్లను అడగాలి.

ఐటీఐ పిల్లలకు లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. రెండేళ్ల ఫిట్టర్ ట్రేడ్ సిలబస్‌లో మొదటి మెట్టు పనులకు.. అంటే మార్కింగ్, హాక్సా కోత, ఫైలింగ్, డ్రిల్లింగ్ లాంటి వాటికి.. ప్లస్ ఆర్ మైనస్ 0.25 మిల్లీమీటర్ల ఖచ్చితత్వం అడుగుతారు. ఆ తర్వాత వచ్చే స్టెప్ ఫిట్, టీ ఫిట్, యాంగ్యులర్ ఫిట్ లాంటి జాబులకు ప్లస్ ఆర్ మైనస్ 0.04. ఒకటిన్నర మిల్లీమీటర్ల మార్కర్ గీత గీసుకుని 0.25లో జాబు తేవాలంటే, గీతలోనే ఆరు జాబుల తప్పు దాగి ఉన్నట్టు. ప్రాక్టికల్స్‌లో మార్కులు పోయేది ఇక్కడే. రేపు అప్రెంటిస్‌షిప్‌కో, సింగరేణి ఫిట్టర్ ట్రెయినీ పోస్టుకో వెళ్లినా ఇదే అలవాటు వెంట వస్తుంది.

మరి మార్కర్ పారేసి అందరూ మార్కింగ్ బ్లూ కొనాలా? అదీ కాదు. ఎక్కడ ఏది వాడాలో తెలిస్తే చాలు.

అసలు ఆ రంగు పనేంటి?

చాలామంది అనుకునేది ఏంటంటే, మార్కర్ లాగే మార్కింగ్ బ్లూ కూడా గీతలు గీసే సిరా అని. కాదు. మార్కింగ్ బ్లూతో ఎవరూ గీతలు గీయరు. అది పలక లాంటిది. నల్లటి పలక ఉంటేనే బలపం గీత తెల్లగా కనిపిస్తుంది కదా. అలాగే మెరిసే ఇనుము మీద స్క్రైబర్‌తో గీస్తే వచ్చే సన్నటి గీత ఆ మెరుపులో కలిసిపోతుంది. ముందు నీలం రంగు పల్చగా పూసి, ఆరాక గీస్తే రంగు లేచిపోయి కింద ఉన్న లోహం సన్నటి తెల్లటి దారంలా మెరుస్తుంది. గీత గీసేది స్క్రైబర్, కనిపించేలా చేసేది రంగు.

స్క్రైబర్ మొన 12 నుంచి 15 డిగ్రీల కోణంలో సన్నగా ఉంటుంది. మొన బాగుంటే గీత వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు, రెండు వంతులు అంతే. మార్కర్ గీతతో పోలిస్తే పదింతలు సన్నం. పైగా గీత మీద వేలు ఆనిస్తే తెలుస్తుంది, సెంటర్ పంచ్ మొనను మెల్లగా జరుపుకుంటూ పోతే రెండు గీతలు కలిసే చోట 'టక్కు'మని ఆగుతుంది. మార్కర్ గీతల కూడలిలో పంచ్ ఎక్కడ పెట్టాలన్నది కంటి అంచనా మాత్రమే. రంధ్రాల పనిలో స్క్రైబర్ గెలిచేది సరిగ్గా ఇక్కడ.

అలాగని గీతను చూసి 0.04 వచ్చేస్తుందనుకోవద్దు. గీత దగ్గరి దాకా తీసుకెళ్లేది మార్కింగ్. ఆ చివరి సన్నటి పొర ఆకురాయిది, వెర్నియర్‌ది, మైక్రోమీటర్‌ది.

మైలుతుత్తంతో కూడా మార్కింగ్!

ఐటీఐ ఫిట్టర్ థియరీలో మార్కింగ్ మీడియా అని ఒక పాఠం ఉంటుంది. సున్నం లాంటి తెల్లపూత, మార్కింగ్ బ్లూ, కాపర్ సల్ఫేట్, సెల్యులోజ్ లాకర్.. ఇలా పేర్లుంటాయి. పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయే పాఠం ఇది. కానీ షాపులో పని వచ్చినప్పుడు పనికొచ్చేదీ ఇదే.

తెల్లపూత అంటే సుద్దపొడిని నీళ్లలోనో, స్పిరిట్‌లోనో కలిపి పూయడం. పోత పోసిన ముక్కలు, ఫోర్జింగ్‌లు నల్లగా, గరుకుగా వస్తాయి కదా, వాటికి ఇది. నల్లటి వాటి మీద నీలం పూస్తే ఏం కనిపిస్తుంది? అందుకే తెలుపు. ఖచ్చితత్వం ఎక్కువ కావాల్సిన పనికి మాత్రం ఇది పనికిరాదు, పొర మందంగా ఉంటుంది, రాలిపోతుంది.

కాపర్ సల్ఫేట్ అంటే మన రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తమే. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొట్టేది. దాన్ని నీళ్లలో కరిగించి శుభ్రంగా ఉన్న ఇనుము మీద రాస్తే, క్షణాల్లో ఆ చోటు ఎర్రగా, రాగిలా మారుతుంది. రాగిలా ఏంటి, అది రాగే! ద్రావణంలో ఉన్న రాగి బయటికి వచ్చి ఇనుము మీద పల్చటి పొరగా కూర్చుంటుంది, ఆ మేరకు ఇనుము ద్రావణంలోకి పోతుంది. హైస్కూల్ కెమిస్ట్రీలో మేకును నీలం నీళ్లలో ముంచే ప్రయోగం గుర్తుందా.. అదే ఇది. ఈ రాగి పొర మీద స్క్రైబర్‌తో గీస్తే తెల్లటి గీత వస్తుంది. దీనికున్న పెద్ద ప్లస్ ఏంటంటే నూనె తగిలినా, కూలెంట్ తగిలినా, చేతి చెమట తగిలినా పోదు. మార్కర్ గీత అయితే డ్రిల్లింగ్ నూనె రెండు చుక్కలు పడగానే మాయం. మార్కింగ్ బ్లూ కూడా స్పిరిట్ తగిలితే లేచిపోతుంది.

మైనస్‌లు కూడా ఉన్నాయి. మైలుతుత్తం విషం. పూసిన చేత్తో టీ తాగడం, గుట్కా తినడం లాంటివి ప్రమాదం. వాడిన సీసా మీద పేరు రాయకుండా షాపులో పెడితే ఇంకా ప్రమాదం. పుస్తకాల్లో కొన్ని చుక్కల నైట్రిక్ యాసిడ్ కలపమని ఉంటుంది, అది ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఉండి చేయించాల్సిన పని, ఇంట్లో ట్రై చేసేది కాదు. పూత పూర్తిగా ఆరకముందే హైట్ గేజ్, మూలమట్టం తగిలిస్తే వాటికి తుప్పు పడుతుంది. ఇక ఇది మామూలు ఇనుము, ఉక్కు మీదే బాగా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మీద సరిగా పట్టదు.

సెల్యులోజ్ లాకర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెడీమేడ్‌గా రకరకాల రంగుల్లో దొరుకుతుంది, త్వరగా ఆరుతుంది.

రెండు నీలాలు.. ఒకటే అనుకుంటే చేతులన్నీ నీలం!

కొత్తగా షాపు పెట్టినవాళ్లు, కొత్త స్టూడెంట్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడ. హార్డ్‌వేర్ షాపుకెళ్లి "బ్లూ ఇవ్వండి" అంటే రెండింటిలో ఏదైనా చేతిలో పెట్టొచ్చు.

ఒకటి మార్కింగ్ బ్లూ. స్పిరిట్‌లో కలిపిన రంగు, నీళ్లలా పల్చగా ఉంటుంది, సీసాలోనో స్ప్రే డబ్బాలోనో వస్తుంది. పూసిన కాసేపటికే ఆరిపోతుంది. గీతల కోసం కావాల్సింది ఇది.

రెండోది ట్యూబులో వచ్చే చిక్కటి పేస్టు, ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు ఇది, పాతకాలం బ్లూప్రింట్ల నీలం కూడా ఇదే. ట్యూబులో నూనెతో కలిపి ఉంటుంది కాబట్టి ఆరదు. ఆరకపోవడమే దాని పని. సర్ఫేస్ ప్లేట్ మీద పల్చగా రాసి, ఫైల్ చేసిన ముక్కను దాని మీద బోర్లించి మెల్లగా జరిపితే ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం అంటుకుంటుంది. ఆ ఎత్తులను స్క్రేపర్‌తో గీకుతారు. మళ్లీ ఆనిస్తారు, మళ్లీ గీకుతారు. బేరింగ్ బుష్‌లు, వాల్వ్ సీట్లు కలిశాయా లేదా చూసేదీ దీంతోనే. మార్కింగ్‌కు కూడా ప్రష్యన్ బ్లూ వాడొచ్చని పాఠాల్లో ఉంటుంది, గీతలు బాగా స్పష్టంగా వస్తాయి కూడా. కాకపోతే ఆరడానికి మిగతా వాటికన్నా ఎక్కువ టైం పడుతుందని ఆ పాఠమే చెబుతుంది. ట్యూబ్ పేస్టును పూసి గంటసేపు ఎదురుచూస్తే చొక్కాకు అంటడం తప్ప జరిగేదేం ఉండదు.

పెన్ను గెలిచేది ఎక్కడ?

షెడ్డు కోసం యాంగ్లర్లు కోయాలి. ట్రాక్టర్ ట్రాలీకి రేకులు కత్తిరించాలి. ఇలాంటి చోట సీసా తీసి, బ్రష్ పెట్టి, ఆరబెట్టి, స్క్రైబర్‌తో గీసేంత ఓపిక ఎవరికీ ఉండదు, అవసరం కూడా లేదు. మార్కర్ తీసి గీసి కోయడమే. ఒక్క కట్టుబాటు ఉంటే సరి.. గీతలో ఏ అంచు కొలతో ముందే అనుకోవాలి, పారేసే ముక్క వైపు 'ఇంటూ' గుర్తు పెట్టాలి. అప్పుడు ఎవరు కోసినా వీల్ ఆ 'ఇంటూ' వైపే పడుతుంది. పైసా ఖర్చు లేని పని ఇది, అయినా సగం షాపుల్లో కనిపించదు.

తుప్పు పట్టిన, నల్లటి ఇనుము మీద మామూలు మార్కర్ కనిపించదు. దానికి పెయింట్ మార్కర్ ఉంది. తెలుపు, పసుపు రంగుల్లో వస్తుంది, లోపల సిరా బదులు పెయింట్ ఉంటుంది. ఎండకు, వానకు తట్టుకుంటుంది కాబట్టి యార్డులో పైపులకు నంబర్లు వేయడానికి బెస్ట్. అయితే వెల్డింగ్ పడే చోట ఈ పెయింట్ ఉంచకూడదు. వేడికి కాలి పొగ వస్తుంది, ఆ గ్యాస్ వెల్డింగ్‌లో సన్నటి బొక్కలు పెడుతుంది.

గ్యాస్ కటింగ్ దగ్గర పెన్నులేవీ నిలవవు. మంట తగలగానే సిరా కాలిపోతుంది. అక్కడ రాజు బలపపు రాయి. అవును, పలక మీద రాసే బలపం జాతి రాయే. బిళ్లలుగా, పట్టీలుగా కోసి అమ్ముతారు. మంటకు చెదరదు, నల్లటి ప్లేటు మీద తెల్లగా కనిపిస్తుంది. చాక్‌పీసు కూడా వాడతారు గానీ అది గాలికే రాలిపోతుంది. బలపపు పట్టీ అంచును గరుకు ఇనుము మీద రుద్ది పదును పెట్టుకుంటే గీత సన్నగా వస్తుంది, మొద్దుగా ఉంటే మార్కర్ కన్నా లావు.

గీతే గాయం అయ్యే చోట

స్క్రైబర్ అన్నింటికన్నా ఖచ్చితం కదా అని ప్రతిచోటా వాడితే నష్టమే. జీఐ షీట్ సంగతే చూడండి. కూలర్ బాడీలు, ధాన్యం డబ్బాలు, మిల్లుల్లో గాలి గొట్టాలు దీంతోనే చేస్తారు. ఇనుము మీద జింక్ పూత ఉంటుంది కాబట్టే తుప్పు పట్టదు. స్క్రైబర్‌తో గట్టిగా గీస్తే ఆ పూత చిరిగిపోతుంది. కోసే గీత అయితే పర్లేదు, ఎలాగూ ముక్క అక్కడ విడిపోతుంది. కానీ వంచే గీత అయితే? గీత దగ్గర పూత పోతుంది, పైగా గీత బయటి వైపు ఉంటే వంపు సాగేది అక్కడే కాబట్టి పగులు కూడా ఆ గీత నుంచే మొదలవుతుంది. అందుకే మడత గీతలకు మార్కరో, పెన్సిలో వాడాలి. కొలత ఖచ్చితంగా ఉండాలంటే సన్న ముక్కు మార్కర్ దొరుకుతుంది.

అల్యూమినియం మీద పెన్సిల్ కూడా ఆలోచించి వాడాలి. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్. తేమ చేరితే అల్యూమినియం, గ్రాఫైట్ కలిసి చిన్న బ్యాటరీలా మారి లోహాన్ని తినడం మొదలుపెడతాయి. విమానాల పనిలో అందుకే అల్యూమినియం మీద మామూలు పెన్సిల్ వాడనివ్వరు. స్లైడింగ్ కిటికీలు చేసేవాళ్లకు అంత భయం అక్కర్లేదు, పని అయ్యాక తుడిచేస్తే సరిపోతుంది.

స్టెయిన్‌లెస్ స్టీల్‌కు ఇంకో చిక్కు. కొన్ని సిరాల్లో క్లోరిన్ సంబంధిత పదార్థాలు ఉంటాయి. వేడి, ఒత్తిడి ఉండే పైపుల్లో అవి మిగిలిపోతే స్టెయిన్‌లెస్‌కు పగుళ్లు తెచ్చే ప్రమాదం ఉంది. పవర్ ప్లాంట్ల లాంటి చోట్ల క్లోరైడ్ తక్కువ ఉన్న ప్రత్యేక మార్కర్లే వాడాలని కాంట్రాక్టర్లకు చెప్పేది ఇందుకే. కాంట్రాక్ట్ పనికి వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు జేబులో ఉన్న పెన్ను తీసి గీసేముందు సూపర్‌వైజర్‌ను అడగడం మంచిది.

45 డిగ్రీల ఎండలో ఏం జరుగుతుంది?

మే నెలలో రామగుండం, ఆదిలాబాద్ వైపు ఎండ 45 డిగ్రీలు తాకడం కొత్తేమీ కాదు. రేకుల షెడ్డు కింద పని చేసేవాళ్లకు అది ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. ఆ వేడికి మార్కర్ మూత రెండు నిమిషాలు తీసి ఉంచినా ముక్కు ఎండిపోతుంది. మార్కింగ్ బ్లూలో ఉండే స్పిరిట్ బ్రష్ మీదే ఆవిరైపోయి పూత గీతలు గీతలుగా, మందంగా పడుతుంది. మందంగా పడ్డ పూత మీద స్క్రైబర్ లాగితే అంచులు పెచ్చులూడతాయి, సన్నటి గీత రాదు. ఒకే ఒక్క పల్చటి పూత, నీడలో.. అంతే. పూసేముందు నూనె, గ్రీజు తుడవకపోతే మాత్రం ఏ కాలంలో అయినా పట్టదు. గీత కూడా ఒకే లాగులో పోవాలి. ముందుకీ వెనక్కీ గీస్తే రెండు గీతలవుతాయి.

అసలు భయం వేరే ఉంది. స్పిరిట్, స్ప్రే డబ్బాలోని గ్యాస్, పెయింట్ మార్కర్‌లోని థిన్నర్.. అన్నీ మండేవే. పక్కనే గ్రైండర్ నిప్పురవ్వలు ఎగురుతుంటే డబ్బా తీయకూడదు. ఎండలో నిలిపిన ఆటోలో, బండి డిక్కీలో స్ప్రే డబ్బాలు వదిలేయడం కూడా అంతే డేంజర్.

ఇంకో విషయం చాలామంది పట్టించుకోరు. ఎండకు ఇనుమే పెరుగుతుంది. మీటరు ఉక్కు ఒక్కో డిగ్రీకి 12 మైక్రాన్లు సాగుతుంది. చదివితే ఏముందిలే అనిపిస్తుంది. కానీ 20 అడుగుల పైపు ఎండలో పడి ఉండి, నీడలో ఉన్న టేపు కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే తేడా మిల్లీమీటరున్నరకు దగ్గరగా వస్తుంది. ఎంత మంచి స్క్రైబర్ అయినా ఆ తప్పును పట్టుకోలేదు. పైపును కాసేపు నీడలోకి లాగి కొలవడమే దారి.

ఇదిలా ఉంటే, ఇవే రెండు జిల్లాల పేరు దేశమంతా మోగించిన లోహ కళల్లో ఈ మార్కింగ్ తంతు కనిపించదు. 2007లో జీఐ గుర్తింపు వచ్చిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీలో సన్నటి వెండి తీగను మెలితిప్పి, వంచి, చట్రంలో అమర్చి అతుకుతారు. 2018లో జీఐ వచ్చిన ఆదిలాబాద్ డోక్రాలో ఓజాలు మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనం కరిగించి ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. అక్కడ కొలత చేతిలో ఉంటుంది. ఒక బొమ్మలా ఇంకోటి ఉండాల్సిన పని లేదు. బేరింగ్ ప్లేటుకు ఆ వెసులుబాటు లేదు.

మరి అన్నీ సీఎన్‌సీ మిషన్లు వచ్చాక ఇదంతా ఎందుకు?

ప్రశ్న న్యాయమైనదే. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలైంది. సీఎన్‌సీ, రోబోల ట్రైనింగ్ అందులో భాగం. ఒకేలాంటి వెయ్యి ముక్కలు చేయాలంటే మిషనే దిక్కు, అక్కడ గీతలు గీసేవాడి అవసరం లేదు. కానీ రిపేరు పనిలో ఎప్పుడూ ఒకటే ముక్క. విరిగిన మగ్గం బ్రాకెట్, అరిగిన జిన్నింగ్ మిల్లు ప్లేటు.. దీనికి డ్రాయింగ్ ఉండదు, ప్రోగ్రాం ఉండదు. పాత ముక్కను కొత్త ప్లేటు మీద పెట్టి రంధ్రాల చుట్టూ స్క్రైబర్‌తో గీసి, సెంటర్లు తీసి, 60 డిగ్రీల డాట్ పంచ్‌తో గీతల వెంట చుక్కలు పెట్టి, డ్రిల్ పడే చోట 90 డిగ్రీల సెంటర్ పంచ్ కొట్టడమే. రంగు చెరిగినా చుక్కలు ఉంటాయి.

మార్కింగ్ బ్లూ సీసా దొరకని ఊళ్లలో అనుభవం ఉన్న ఫిట్టర్లు వాడే చిట్కా ఒకటుంది. మార్కర్‌తో గీత గీయరు. గీత పడాల్సిన చోట మార్కర్‌తో వెడల్పుగా రంగు నింపేస్తారు, ఆరాక దాని మీద స్క్రైబర్‌తో గీస్తారు. అంటే పెన్నునే పలక చేసుకోవడం అన్నమాట. చిన్న ముక్కకు, రెండు మూడు రంధ్రాలకు ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఇరవై ముప్పై రూపాయల మార్కర్‌తో స్క్రైబర్ గీతంత సన్నటి గీత వచ్చేస్తుంది. అడుగు దాటిన ప్లేటుకు మాత్రం రంగు నింపడంలోనే టైం పోతుంది, పూత సమానంగా పడదు, నూనె పడితే చెరిగిపోతుంది. అప్పుడు సీసా కొనుక్కోవడమే నయం.

సీఎన్‌సీ ఆపరేటర్ జేబులో కూడా మార్కర్ ఉంటుంది, చూశారా? ముక్క అంచు ఎక్కడుందో మిషన్‌కు చెప్పడానికి అక్కడ మార్కర్‌తో రుద్ది, టూల్‌ను మెల్లగా దగ్గరకు తెస్తారు. సిరా చెరిగి సన్నటి మెరుపు గీత పడగానే ఆపి, ఆ స్థానాన్ని జీరో చేసేస్తారు.